జట్కా తెర నుంచి సున్నా టికెట్టు దాకా
పాలకొల్లు ముస్లింల ప్రయాణ చరిత్ర కొంత

ఊరికి రోడ్డు ఉందా, రోడ్డు మీద బస్సు ఉందా, బస్టాండు ఎన్ని ఫర్లాంగుల దూరం, రోజుకి ఎన్ని ట్రిప్పులు. ప్రభుత్వం వేసే లెక్కలు ఇక్కడితో అయిపోతాయి. మా ఇళ్లలో లెక్క ఇక్కణ్ణించే మొదలవుతుంది. బస్సు ఆగాక దాదీమా కాలు ఆ మెట్టు మీదికి లేచిందా? లేచాక లోపలున్నవాళ్లు ఆమెని ఎలా చూశారు? పక్క సీటులో ఉన్నామె కాస్త జరిగిందా, బురఖాని చూసి ముఖం తిప్పుకుందా? దిగాల్సిన ఊరు వచ్చిందని ఎవరన్నా చెప్పారా? ఈ లెక్క ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. అయినా మా వాళ్లు భీమవరం ఆస్పత్రికి పోతారా, ఇంట్లోనే కషాయం తాగి పడుకుంటారా అన్నది తేల్చేది ఈ లెక్కే.

చరిత్రకారులు మా గురించి రాసినప్పుడు నవాబుల గురించి రాశారు, కోటల గురించి రాశారు, దండయాత్రల గురించి రాశారు. మేం ఎలా నడిచామో, ఏం ఎక్కామో, ఎక్కడ దించేశారో రాయలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

గోదావరి జిల్లాల్లో మేం కొద్దిమందిమి. గుంటూరులోలాగా, కడప కర్నూళ్లలోలాగా మాకు పేటలకి పేటలు లేవు. 16వ శతాబ్దంలో రాజమహేంద్రవరం కుతుబ్ షాహీల చేతికి వచ్చాక, ఆ తర్వాత ఏలూరు, రాజమండ్రి సర్కార్లు నిజాం పాలనలో ఉన్నన్నాళ్లూ, కొలువుల కోసం, వర్తకం కోసం వచ్చి ఉండిపోయినవాళ్లు కొందరు. ఇక్కడే పుట్టి ఇక్కడే దూది ఏకుతూ, తెలుగే మాట్లాడుతూ కలిమా చదివినవాళ్లు కొందరు. పక్కనే నరసాపురం. 17వ శతాబ్దంలో ఐరోపా కంపెనీలు కూడా ఓడలు కట్టించుకోడానికి, బాగు చేయించుకోడానికి అక్కడికి వచ్చేవి. పాలకొల్లులో డచ్చివాళ్లు బట్టల వర్తకం నడిపారు. అంటే ఇది మూల ఊరేమీ కాదు. ప్రపంచం వచ్చి పోయిన ఊరు. వచ్చి పోయే దారులు మాత్రం ఎప్పుడూ అందరికీ ఒకేలా తెరుచుకోలేదు.

డెల్టాలో అందరూ ఎక్కిన మొదటి బండి పడవ. 1847లో ధవళేశ్వరం దగ్గర మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. కాటన్ కాలువల్ని నీటి కోసమే తవ్వించలేదు. రైళ్లకన్నా కాలువ ప్రయాణమే ఈ దేశానికి చవకని ఆయన గట్టిగా వాదించాడు. లాకులు కట్టించి, ఎత్తులో ఉన్న నీటి మీంచి పల్లంలోని నీటి మీదికి పడవ దిగే ఏర్పాటు చేయించాడు. దాంతో పాలకొల్లు మీంచి పోయే నరసాపురం కాలువే మా ఊరికి పెద్ద రోడ్డయింది. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగే మనుషులు. రాత్రి ఎక్కి తెల్లారి దిగడం. ధాన్యం బస్తాలతోపాటే మనుషులు.

పడవ నిదానమే. కానీ ఒక సంగతి గమనించాలి. పడవలో ముసలివాళ్లు పడుకుని పోవచ్చు. జబ్బు మనిషిని మంచంతో సహా ఎక్కించవచ్చు. రేవులో బల్ల వేసి సరంగు చెయ్యి అందిస్తాడు. నమాజు వేళకి గట్టు దగ్గర కాసేపు ఆపమంటే ఆపినవాళ్లు ఉన్నారని మా పెద్దవాళ్లు చెప్పేవారు. తొందర లేని బండి కాబట్టి, నిదానంగా ఎక్కేవాళ్లకి అందులో చోటుండేది. ఎండాకాలం కాలువలు కట్టేస్తే ప్రయాణాలూ కట్టే. పెళ్లి చేసి పంపిన ఆడపిల్ల మళ్లీ కాలువకి నీళ్లొదిలేదాకా పుట్టింటి ముఖం చూసేది కాదు.

తర్వాత రైలు వచ్చింది. 1890ల్లో తూర్పు కోస్తా లైను పడ్డప్పుడు అది ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు మీదుగా రాజమండ్రికి పోయింది. పాలకొల్లు పక్కన ఉండిపోయింది. భీమవరం, పాలకొల్లు, నరసాపురం కలిపే కొమ్మ లైను ఆ తర్వాతి మాట. రైలు అందర్నీ ఒక పెట్టెలో కూర్చోబెట్టిందని మనకి బళ్లో చెప్పారు. ఆ పెట్టె దిగి నీళ్లు తాగబోతే సంగతి వేరు. ఇంగ్లీషువాళ్ల కాలంలో దేశంలో చాలా స్టేషన్లలో 'హిందూ పానీ', 'ముసల్మాన్ పానీ' అని రెండు కుండలుండేవి. ఒకే రైలు, ఒకే టికెట్టు, దాహం మాత్రం రెండు. మూడో తరగతి పెట్టెలో మనుషుల్ని ఎలా కుక్కుతారో గాంధీ 1917లోనే రాశాడు. ఆ కిక్కిరిసిన పెట్టెలో కులం, మతం కాసేపు నలిగిపోయిన మాట నిజమే. కుండ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ లేచి నుంచునేవి.

*

స్టేషను నుంచి ఇంటిదాకా జట్కా. ఇక్కడే మా కథ రెండుగా చీలుతుంది. బండి తోలేవాడూ సాయిబే, బండి వెనక తెర కట్టుకుని కూర్చున్న బీబీ కూడా సాయిబుల ఇంటి మనిషే. తెలుగు సినిమాకి, తెలుగు కథకి తోలేవాడు మాత్రమే కనిపించాడు. జట్కా సాయిబు అంటే లుంగీ, బీడీ, వచ్చీరాని తెలుగు, చివర్లో ఓ నవ్వు. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ వంటి సినిమావాళ్లని కన్న ఊరు మాది. ఇక్కణ్ణించి మద్రాసు పోయిన కళాకారులకి లెక్క లేదు. వాళ్లని ఇంటి నుంచి స్టేషనుకి ఎవరు చేర్చి ఉంటారో తెరమీద వెతికితే దొరకదు.

తెర కట్టిన జట్కా మా ఆడవాళ్లకి రెండు పనులు చేసింది. బయటికి పోనిచ్చింది. బయట చూడనివ్వలేదు. గోషా అన్న మాట తెలుగులోకి వచ్చి స్థిరపడిందంటే ఆ తెర ఎంతకాలం వేలాడిందో ఊహించుకోవచ్చు. అయినా ఆ బండిలో మా నానీమాలకి భయం లేదు. తోలేవాడు వీధిలోవాడు. ఎవరింటి కోడలో, ఎవరింటికి పోవాలో వాడికి తెలుసు. గుమ్మం ముందే ఎక్కి గుమ్మం ముందే దిగొచ్చు. కాళ్లు లేవకపోతే పీట వేస్తాడు. చిల్లర లేకపోతే రేపు తీసుకుంటాడు. బోర్డు చదవక్కర్లేదు, టైము చూడక్కర్లేదు. ఇవాళ పట్టణ రవాణా గురించి మాట్లాడే నిపుణులు 'ప్రయాణికుడికి అందుబాటులో ఉన్నట్టు అనిపించడం' అని ఏదైతే అంటున్నారో అది ఆ పీటలో ఉంది.

కానీ పీట అందరికీ వెయ్యలేదు. ఆ సంగతి దాచిపెట్టి జట్కా రోజులే మేలని పాడుకుంటే అది చరిత్ర కాదు. 1901లో చిన్నపిల్లవాడైన అంబేడ్కర్ తండ్రి దగ్గరికి పోతూ రైలు దిగితే బండివాడు ఎక్కించుకోనన్నాడు. చివరికి రెట్టింపు కిరాయి పుచ్చుకుని, పిల్లల్నే బండి తోలుకోమని తాను పక్కన నడిచాడు. 1929లో చాళీస్‌గావ్‌లో టాంగావాలాలెవరూ ఆయన్ని ఎక్కించుకోడానికి ఒప్పుకోలేదు. టాంగా తోలడం రాని మనిషి తోలితే ఆయన పడి దెబ్బలు తిన్నాడు. బండివాళ్లది ఏ మతమైనా కావచ్చు. తెలిసినవాడి బండి తెలిసినవాళ్లకే మేలు చేస్తుంది. తెలియనివాళ్లకి, ముట్టుకోకూడదన్నవాళ్లకి ఆ బండి ఆగదు. మా వీధి జట్కాలు మాలపల్లి గుమ్మం దాకా ఎన్నిసార్లు పోయాయన్న ప్రశ్న మేం మమ్మల్నే వేసుకోవాలి.

*

అందుకే బస్సుని తక్కువ చెయ్యకూడదు. డబ్బిచ్చిన ప్రతివాడికీ టికెట్టు ఇవ్వాలి అన్న రూలుతో వచ్చింది బస్సు. కోస్తాలో మొదట ప్రైవేటు బస్సులు. యుద్ధ కాలంలో పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచిన బస్సుల గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ కథలు చెప్తారు. అటు హైదరాబాదు రాజ్యంలో 1932 జూన్‌లోనే నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రభుత్వ రవాణా మొదలుపెట్టారు. ఆ వేరు మీదే 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఒక్కొక్క జిల్లాలో రూట్లు జాతీయం అవుతూ వచ్చాయి. ఆర్టీసీ బస్సుల నెంబర్లలో చాలాకాలం కనిపించిన 'జడ్' అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టిందని హైదరాబాదులో చెప్పుకుంటారు. ఆ మాట ఎంతవరకు నిజమైనా, ఒక ముస్లిం తల్లి పేరు మోసుకుంటూ ఎర్రబస్సు కొబ్బరితోటల మధ్య తిరిగిందని అనుకోవడం మాకు ఇష్టం. ఆ తల్లి పేరున్న బస్సు ఎక్కడానికి మా తల్లులే జంకారన్నది మిగతా కథ.

మొదటి జంకు మెట్టు. నేల నుంచి మోకాలి ఎత్తు. చీర మీద బురఖా, చంకలో పిల్ల, చేతిలో సంచి. ఒక చెయ్యి కమ్మీకి, ఒక చెయ్యి పిల్లకి సరిపోతే బురఖా అంచు పట్టుకోడానికి మూడో చెయ్యి లేదు. ఇది మా ఆడవాళ్ల బాధే కాదు. పంచె కట్టిన ముసలిరైతుది, నిండు గర్భిణిది, పోలియో కాలు ఉన్న కుర్రాడిది. కర్రతో నడిచే మనిషికి సగం చార్జీ పాసు ఇచ్చి, మోకాలెత్తు మెట్టు పెట్టడంలో ఉన్న వేళాకోళం ఎవరికీ తట్టలేదు. డబ్బు తగ్గించడం తేలిక. మెట్టు తగ్గించడం కష్టం.

రెండో జంకు బోర్డు. మా పాత తరం ఆడవాళ్లలో చాలామందికి ఖురాన్ చదవడం వచ్చు, కొందరికి ఉర్దూ వచ్చు, తెలుగు అక్షరం రాదు. ఇంట్లో తెలుగు కలిసిన ఉర్దూ, అంగట్లో గోదావరి తెలుగు. మాట్లాడటానికి రెండు భాషలున్న మనిషి బస్టాండులో చదవడానికి ఒక్క భాష లేక నిలబడిపోతుంది. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉర్దూని రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేస్తూ చట్టం సవరించింది. సంతోషమే. కానీ ఉర్దూలో చదివే మా వాళ్లు పాలకొల్లులో ఎందరు? బోర్డు మీద ఇంకో లిపి చేరిస్తే మా గౌరవం పెరగవచ్చు, మా దాదీమాకి బస్సు తెలియదు. ఆమెకి కావాల్సింది నోటితో చెప్పే మనిషి. "భీమవరం, వీరవాసరం మీదుగా భీమవరం" అని కండక్టరు గట్టిగా ఒక్క కేక వేస్తే ఆమెకీ తెలుస్తుంది, చూపులేనివాళ్లకీ తెలుస్తుంది, చదువురాని కూలివాళ్లకీ తెలుస్తుంది.

మూడో జంకు చూపు. దీన్ని కొలిచే కొలబద్ద లేదు. 1992 డిసెంబరు 6 తర్వాతి నెలల్లో మా ఇళ్లలో ఆడవాళ్ల ప్రయాణాలు దాదాపు ఆగిపోయాయి. పాలకొల్లులో ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, బస్సులు ఆగలేదు, రూటు మారలేదు, చార్జీ పెరగలేదు. అప్పుడు సర్వే చేస్తే అంతకుముందు వచ్చిన లెక్కే వచ్చేది. కానీ టోపీ జేబులో పెట్టుకుని బస్సెక్కి, దిగాక మళ్లీ తలమీద పెట్టుకున్న మగవాళ్లు ఉన్నారు. బస్సులో పిల్ల "అమ్మీ" అని పిలిస్తే "అమ్మా అనవే" అని గుసగుసగా కసిరిన తల్లులున్నారు. ఎవరో ఏదో అన్నారని కాదు. అంటారేమోనని. అదే బస్సు, అదే సీటు, మనిషికి మాత్రం అది ఊరంత దూరం జరిగిపోయింది.

ఇది మా మనసులో పుట్టిన అనుమానమని కొందరు సెక్యులర్ మిత్రులు అంటారు. వాళ్లకి 2006 నాటి సచార్ కమిటీ నివేదిక చూపిస్తాం. ముస్లింలు ఎక్కువగా ఉన్న గ్రామాలకి పక్కా రోడ్లు, బస్‌స్టాపులు సరిగా అందలేదని అందులో ఉంది. దాంతోపాటే, బురఖా వేసుకున్న స్త్రీలకి బజారులో, ఆస్పత్రిలో, బడిలో, బస్సుల్లాంటి సౌకర్యాల దగ్గర మర్యాద దొరకడం లేదన్న ఫిర్యాదు కూడా ఉంది. అంటే స్టాపు లేకపోవడం, స్టాపులో గౌరవం లేకపోవడం రెండూ ఒకే నివేదికలో నమోదయ్యాయి. మొదటిదానికి జీవో వస్తుంది. రెండోదానికి ఏం వస్తుంది?

*

బస్సు ఎవరిది అన్న ప్రశ్న మేం కనిపెట్టింది కాదు. 1955 డిసెంబరు 1న అమెరికాలో మాంట్‌గొమరీ అనే ఊళ్లో రోసా పార్క్స్ అనే నల్లజాతి స్త్రీ తెల్లవాడి కోసం సీటు ఖాళీ చెయ్యనంది. ఆ ఊరి నల్లవాళ్లు 381 రోజులు బస్సెక్కలేదు, నడిచారు. 1978 జూలైలో డెన్వర్ నగరంలో 19 మంది వికలాంగులు చక్రాల కుర్చీలతో బస్సులకి అడ్డం కూర్చుని, మేం ఎక్కలేని బస్సు మా ఊళ్లో తిరగడానికి వీల్లేదన్నారు. ఒకరిని సీటు దగ్గర ఆపారు, ఒకరిని మెట్టు దగ్గరే ఆపారు. ఇద్దరూ అడిగింది ఒకటే.

మన దేశంలోనూ కాగితాలు చాలానే ఉన్నాయి. 1995లో వికలాంగుల చట్టం వచ్చింది. 2015 డిసెంబరు 3న 'సుగమ్య భారత్' ప్రచారం మొదలైంది. 2016లో కొత్త చట్టం వచ్చి బస్సులు, స్టేషన్లు అందరికీ అందుబాటులో ఉండాలంది. చూపులేని రాజీవ్ రతూరి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2017లో గడువులు పెట్టింది. 2024 నవంబరులో మళ్లీ, ఈ ప్రమాణాలు ఇష్టముంటే పాటించే సలహాలు కావని, తప్పనిసరి నియమాలుగా ఉండాలని చెప్పింది. కాగితం ఢిల్లీ నుంచి పాలకొల్లు రావడానికి ఏ బస్సెక్కుతుందో మరి. రైల్వేలో ఎత్తు ప్లాట్‌ఫాం అంటే 760 నుంచి 840 మిల్లీమీటర్లు. పెట్టె నేల అంతకన్నా ఎత్తు. ఇటీవల మా లైను డబ్లింగ్ అయింది, కరెంటు ఇంజను వచ్చింది. రైలు వేగం పెరిగింది. ముసలమ్మ ఎక్కడానికి పట్టే టైము అంతే ఉంది.

కొన్ని మేళ్లు ఒప్పుకోవాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు చీల్చినప్పుడు పశ్చిమగోదావరికి భీమవరం కేంద్రమైంది. ఒక అర్జీ పట్టుకుని ఏలూరు దాకా పోయి రాత్రికి ఇల్లు చేరే బాధ తప్పింది. చించినాడ దగ్గర వశిష్ఠ మీద వంతెన లేని రోజుల్లో కోనసీమ చుట్టాలింటికి పోవాలంటే రేవు దాటాల్సిందే. పంటు వచ్చేదాకా ఎండలో నిలబడటమే. ఇవాళ ఆ వంతెన మీంచి బస్సు అరగంటలో అవతల వేస్తుంది.

అన్నిటికన్నా పెద్ద మార్పు 2025 ఆగస్టు 15న వచ్చింది. అంతకు ముందు 2023 డిసెంబరు 9న తెలంగాణలో మొదలైనట్టే, ఆంధ్రప్రదేశ్‌లో 'స్త్రీ శక్తి' పేరుతో పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం. మా వీధుల్లో దీని అర్థం తెలియాలంటే పాత లెక్క గుర్తుంచుకోవాలి. చార్జీ మగవాడి జేబులో ఉన్నంతకాలం ప్రయాణం మగవాడి అనుమతిలో ఉంది. సున్నా టికెట్టు ఆ అనుమతిని కొంత సడలించింది. ఫుప్పీలు చెల్లెళ్లని చూడటానికి పోతున్నారు. షుగరు మాత్రల కోసం నెలనెలా పోతున్నారు. జట్కా తెర చెయ్యలేని పని ఒక కాగితం ముక్క చేసింది.

అయితే టికెట్టు సున్నా అయినా గుర్తింపు కార్డు చూపించాలి. నఖాబు వేసుకున్న మనిషి కార్డు ఇచ్చినప్పుడు కార్డు మీద ముఖం ఉంటుంది, మనిషి మీద ఉండదు. అక్కడ కండక్టరు నోటి నుంచి వచ్చే మాట మీదే ఆ ఉచితం విలువ ఆధారపడి ఉంటుంది. "అమ్మా, ఒక్కసారి చూపించండి" అని మెల్లగా అడగడం ఒకటి, బస్సంతా తిరిగి చూసేలా అడగడం మరొకటి. మహిళా కండక్టరైతే ఈ ఇబ్బంది చాలా మట్టుకు ఉండదు. ఈ చిన్న సంగతిని శిక్షణలో చేర్చడానికి చట్టం అక్కర్లేదు, ఖర్చూ అక్కర్లేదు.

ఇంకో బాధ మా ఇంటి లోపలే ఉంది. జట్కా పోయి రిక్షా వచ్చింది, రిక్షా పోయి ఆటో వచ్చింది. మూడు తరాలుగా మా మగవాళ్లు చాలామంది ఊరిని మోసే పనిలోనే ఉన్నారు. చదువు లేదు, పొలం లేదు. చేతిలో కళ్లెం ఉంది, తర్వాత హ్యాండిలుంది. తల్లి సున్నా టికెట్టుతో బస్సెక్కితే కొడుకు ఆటోలో ఒక సీటు ఖాళీ. 2019 అక్టోబరులో వాహనమిత్ర కింద డ్రైవర్లకి ఏడాదికి 10 వేలు ఇచ్చారు. 2025 అక్టోబరులో 'ఆటో డ్రైవర్ల సేవలో' పేరుతో 15 వేలు ఇచ్చారు. నెలకి పంచితే వాయిదాకి కూడా చాలదు. ఒకే ఇంట్లో తల్లి స్వేచ్ఛ, కొడుకు కూలి ఎదురెదురుగా నిలబడ్డాయి. తల్లిని మళ్లీ ఇంట్లో కూర్చోమనడం దీనికి దారి కాదు. అలా అనేవాళ్లు మాలోనూ ఉన్నారు, వాళ్లకి మా జవాబు అదే. బస్సు వీధి చివరిదాకా రాదు. రాత్రి తొమ్మిది దాటితే అసలు దొరకదు. మంచాన పడ్డ మనిషిని తీసుకుపోదు. ఆ ఖాళీలో ఆటో ఉంది. పట్టణ రవాణాలో ఆటోని కూడా ఒక భాగంగా చేర్చి, బస్టాండుకీ ఇంటికీ మధ్య దాన్ని నడిపించి, డ్రైవరుకి నిలకడైన కూలి చూపించాల్సింది ప్రభుత్వం. దానాలు పంచడం ఆ పనికి బదులు కాదు.

2011 లెక్కల్లో 60 వేలు దాటిన పట్టణం పాలకొల్లు. ఇంత ఊరికి ఊళ్లోనే తిరిగే బస్సు గురించి ఎవరూ సీరియస్‌గా మాట్లాడరు. ఆస్పత్రి, బస్టాండు, రైల్వే స్టేషను, క్షీరారామం, మసీదు, మార్కెట్టు కలుపుతూ తక్కువ ఎత్తు మెట్టున్న చిన్న బస్సు తిరిగితే అందులో ఎక్కేవాళ్లు మేం మాత్రమే కాదు. అందులో పేరంటాలకి పోయే సుబ్బమ్మ గారుంటారు, చర్చికి పోయే మేరమ్మ ఉంటుంది, మా దాదీమా ఉంటుంది. వాళ్ల మోకాళ్ల నొప్పికి మతం లేదు. వాళ్లు ఎదుర్కొనే చూపుకి మాత్రం ఉంది. మొదటిదానికి మెట్టు తగ్గించాలి, రెండోదానికి మనం మారాలి.

ఈసారి రవాణా లెక్కలు రాసుకోడానికి ఎవరన్నా పాలకొల్లు వస్తే బస్టాండులో ఆగిపోవద్దని కోరుతున్నాం. సాయిబుల వీధికి రండి, మాలపల్లికి కూడా పోండి. బస్సు ఎన్ని గంటలకో తర్వాత అడగొచ్చు. గుమ్మంలో కూర్చున్న ముసలమ్మని, ఆఖరిసారి ఒంటరిగా ఎప్పుడు బస్సెక్కావమ్మా అని అడగండి. ఆమె చెప్పే సంవత్సరం మీ పట్టికలో మొదటి గడిలో రాసుకోండి.